పెద్దలనాటి వస్తువులు: అమ్ముకొను విధములు

కోనసీమలో ఒక పాత మండువా లోగిలి విప్పుచున్నారను వార్త ఇరుగుపొరుగువారికంటె ముందుగా పాత వస్తువుల వర్తకునికి చేరును. మలికిపురము చుట్టుపట్ల ఈ సంగతి మేము పలుమారులు చూచితిమి. పెంకులు దింపకముందే అతడు వచ్చి వీధి అరుగుమీద కూర్చుండును. స్తంభములను చేతితో తట్టి చూచును. ద్వారబంధము మీది చెక్కడపు పనిని వ్రేలితో తడవి చూచును. ఇంటివారు కాఫీ తెచ్చి ఇచ్చులోపలనే అతని మనస్సులో లెక్క పూర్తియగును. ఇంటివారి మనస్సులో ఆ లెక్క అప్పటికి మొదలైననై ఉండదు. ఈ రెండు లెక్కల నడుమనున్న దూరమును గూర్చియే నేడు నాలుగు మాటలు చెప్పదలచినాము.

పాత వస్తువులను అమ్ముట దోషమని చెప్పుటకు మేము పూనుకొనలేదు. కాలము మారినది. వందమంది బంతికి వండిన గుండిగలు, గంగాళములు నేటి వంటయింటిలో పట్టవు. పిల్లలు హైదరాబాదులోనో, గల్ఫు దేశములలోనో, అమెరికాలోనో స్థిరపడినారు. వారు పంపిన సొమ్ముతో కట్టించుకొన్న డాబాలో పందిరిమంచము గుమ్మము దాటదు. అన్నదమ్ములు పంచుకొనునప్పుడు ఒక భోషాణమును నలుగురికి నాలుగు ముక్కలుగా కోయలేరు. కనుక అమ్మవలసి వచ్చును. అమ్మకమునకు వర్తకుడును కావలసినవాడే. ఆ వస్తువును కోరు మనిషి ఎక్కడ ఉన్నాడో అతనికి తెలియును, మనకు తెలియదు. అయితే అమ్మకముందు ఏమి చేయవలెను, ఏ పద్ధతిమీద అమ్మవలెను అనునది తెలిసి అమ్మినవారు మా యెఱుకలో మిక్కిలి తక్కువ. తెలియక అమ్మినవారిలో మేమును ఉన్నాము.

మా యింటి సంగతి ముందుగా చెప్పుదుము. 1996 నవంబరు తుపానులో మా పాత ఇంటి పడమటి వసారా కూలినది. మిగిలిన భాగమును కొన్నాళ్ళు నిలబెట్టితిమి. తుదకు పంపకములు జరిగి, ఇల్లు విప్పక తప్పలేదు. అటకమీదినుండి ఇత్తడి, రాగి పాత్రలు దిగినవి. వర్తకుడు కాటా తెచ్చి అన్నింటిని తూచెను. అందులో ఒక బిందెమీద మా మామ్మగారి పేరు, పుట్టినింటివారు ఆ బిందెను సారెలో పెట్టిన సంవత్సరము చెక్కి ఉండినవి. ఆ బిందెయు తక్కినవానితోపాటే కాటాకెక్కినది. తరువాత భోషాణము బేరమునకు వచ్చినది. దాని అడుగున రెండు చెక్కల నడుమ త్రాటితో బిగించిన తాటాకుల కట్ట ఒకటి ఉండెను. “చెదలు పట్టినదేనండీ. పెట్టెతోపాటు పట్టుకుపోతాను, మీకు ఊడ్చుకునే పని తప్పుతుంది” అని వర్తకుడు చెప్పెను. మేము సరేయంటిమి. ఒక్క ఆకైనను విప్పి చదివినవారు మాలో లేరు.

నెల దినముల తరువాత నరసాపురమునుండి మా మేనత్తగారు వచ్చి, నిలుచున్న పాటున అడిగిన మాట ఇది: “మా తాతగారి వైద్యం కట్ట ఏదిరా?” ఆమె తాతగారు నాడి చూచి మందిచ్చిన వైద్యులు. పసిపిల్లల రోగములకు ఆయన వాడిన యోగములన్నియు ఆ కట్టలో ఉండెనట. వర్తకుని వెదకి పట్టుకొని అడిగితిమి. ఎవరో మఱొక వర్తకుడు తీసికొనిపోయెనని చెప్పెను. అంతటితో దాని జాడ పోయినది. ఆ వర్తకుడు మమ్ము మోసగించెనని మేము అనజాలము. ఆ కట్టలో ఏమున్నదో మేము అడగలేదు, అతడును చెప్పలేదు. అమ్మినది ఏమిటో మాకు తెలియకపోవుటయే జరిగిన నష్టమునకు మూలము.

కాబట్టి మొదటి పని వర్తకుని పిలుచుట కాదు, జాబితా వ్రాయుట. ఒక నోటుపుస్తకము తీసికొని గది గదికి తిరుగవలెను. ప్రతి వస్తువునకు ఒక అంకె వేసి దాని పేరు, కొలతలు, తూకము, ఏ లోహము లేక ఏ కఱ్ఱ, ఎక్కడ విరిగినది, ఎక్కడ అతుకు పడినది వ్రాయవలెను. వెనుకను, ముందును, అడుగున ఉన్న ముద్రలను, చెక్కిన అక్షరములను ఫోటో తీయవలెను. ఇది ఫోను చేతనున్న పిల్లలు ఒక్క పూటలో చేయగల పని. అన్నింటికంటె ముఖ్యమైనది మఱొకటి కలదు. ఆ వస్తువు ఎవరిది, ఏ ఊరినుండి వచ్చినది, ఏ పెండ్లిలో వచ్చినది అనునవి ఇంటిలోని పెద్దలను అడిగి వ్రాసికొనవలెను. పాత బిల్లో, ఉత్తరమో, ఆ వస్తువు కనబడు పెండ్లి ఫోటోయో దొరకినచో దానిని జాబితాకు జతచేయవలెను. పేరూరూ తెలియని పందిరిమంచమునకును, ఎవరి ఇంటిలో ఎప్పుడు చేయించిరో కాగితము మీదనున్న పందిరిమంచమునకును సంగ్రాహకులు ఇచ్చు వెలలో తేడా ఉండును. ఈ సమాచారము వర్తకుని దగ్గఱ లేదు. మన పెద్దల నోట ఉన్నది. వారితోపాటు పోవునదియు అదియే.

ఇక్కడ గృహిణులకు ఒక మనవి. వర్తకుడు వచ్చుచున్నాడని తెలియగానే చింతపండు, ముగ్గుపిండి తెచ్చి పాత్రలను తళతళలాడునట్లు తోముట మన అలవాటు. నిత్యము వాడు చెంబునకు అది మంచిదే. కాని పాత విగ్రహమునకు, పాత నాణెమునకు అది చేటు. ఏండ్ల తరబడి లోహముమీద పట్టిన నలుపు, పసిమి ఆ వస్తువు వయస్సునకు సాక్ష్యము. పులుపుతో తోమినచో ఆ సాక్ష్యము పోవుటయే గాక, సన్నని గీతలు పడి అక్షరములు అరుగును. తోమిన నాణెమునకు సంగ్రాహకులు వెల తగ్గింతురు. అట్లే పాత కఱ్ఱ సామానునకు క్రొత్త వార్నీషు పూయరాదు. దుమ్ము మెత్తని పొడిగుడ్డతో తుడిచిన చాలును.

జాబితా వలన కలుగు లాభమునకు ఒక ఉదాహరణము చెప్పుదుము. మా మఱొక వాటాలో ఒక రేకుడబ్బా నిండ 43 రూపాయి నాణెములు దొరకినవి. ఒక వర్తకుడు డబ్బాను చేతిలో ఎగురవేసి చూచి, ఇవన్నియు సగము వెండివేయని చెప్పి ఆ లెక్కన వెలకట్టెను. ఈసారి మేము తొందరపడలేదు. నాణెముల మీది సంవత్సరములను చూచితిమి. విక్టోరియా, ఏడవ ఎడ్వర్డు, అయిదవ జార్జి బొమ్మలుగల రూపాయలు తూకము 11.66 గ్రాములు, నూటికి 91.7 వంతుల వెండిగలవి. అనగా ఒక్కొక్క దానిలో సుమారు 10.69 గ్రాముల శుద్ధమైన వెండి ఉండును. యుద్ధకాలములో 1940 నుండి 1945 వరకు వచ్చిన ఆఱవ జార్జి రూపాయలలో మాత్రమే వెండి సగము, అనగా 5.83 గ్రాములు. 1947 నాటి రూపాయలు వట్టి నికెలు. మా డబ్బాలో మొదటి రకమువి 26, రెండవవి 16, మూడవది ఒకటి తేలినవి. అరుగుదలను విడిచి చూచినను, వర్తకుని లెక్కకును మా లెక్కకును నడుమ సుమారు 121 గ్రాముల వెండి తేడా వచ్చినది. ఇది కేవలము లోహపు లెక్క. ఆపైన అరుదైన సంవత్సరములు ఉన్నవేమో చూడవలెను. 1911 నాటి అయిదవ జార్జి రూపాయి మీద రాజు ధరించిన పతకములోని ఏనుగు పందివలె ఉన్నదని ఆక్షేపణ రాగా, వానిలో చాలభాగమును ప్రభుత్వము కరగించివేసెను. జనులు దానిని పంది రూపాయి అనిరి. ఆఱవ జార్జి పేర 1939లో వచ్చిన వెండి రూపాయి కూడ అరుదు. అరుదైన వానికి నకిలీలును అంతే విరివిగా ఉన్నవి గనుక, అట్టిది కనబడినప్పుడు నాణెముల పరీక్ష తెలిసినవారికి చూపవలెను.

జాబితా పూర్తియైన పిదప వస్తువులను నాలుగు పోగులుగా వేరుచేయుట మంచిది. తూకమునకు మాత్రమే విలువగలవి ఒక పోగు. పనితనము వలన, పాతదనము వలన విలువగలవి రెండవ పోగు. చట్టము కట్టుబాటు విధించినవి మూడవ పోగు. ఏ ధరకైనను అమ్మగూడనివి నాలుగవ పోగు.

మూడవ పోగును గూర్చి కొంత వివరము అవసరము. పురావస్తువులు, కళాసంపదల చట్టము 1972లో వచ్చి 1976 ఏప్రిల్ 5 నుండి అమలు జరుగుచున్నది. నూరేండ్లు నిండిన నాణెములు, శిల్పములు, చిత్రములు, కళాత్మకమైన పనితనముగల వస్తువులు, కట్టడములనుండి ఊడదీసిన భాగములు ఈ చట్టము దృష్టిలో పురావస్తువులు. శాస్త్రము, చరిత్ర, సాహిత్యము వంటివానికి పనికివచ్చు వ్రాతప్రతులకు 75 ఏండ్లు చాలును. మన లోగిళ్ళ స్తంభములును, ద్వారబంధములును ఇందులోనికి రావచ్చునని గమనింపవలెను. పురావస్తువులు మన యింటనుండుట నేరము కాదు. దేశములోపల అమ్ముట కూడ నేరము కాదు. అయితే వానితో వ్యాపారము చేయు వర్తకునికి లైసెన్సు ఉండవలెను. శిల్పములు, చిత్రపటములు, బొమ్మలు వేసిన వ్రాతప్రతులు మొదలైన నిర్ణీత తరగతుల వస్తువులను సొంతదారు నమోదు అధికారి వద్ద నమోదు చేయించుకొనవలెను. అమ్మినప్పుడు యాజమాన్యము మారినట్లు ఆ అధికారికి తెలుపవలెను. వ్యక్తులు పురావస్తువులను దేశము దాటించుట నిషిద్ధము. దాటించినవారికి ఆఱు నెలలనుండి మూడేండ్ల వరకు జైలుశిక్షయు, జరిమానాయు విధింపవచ్చును. అమెరికాలోనున్న కుమారునికి పూజామందిరములోని పాత విగ్రహమును పెట్టెలో పెట్టి పంపదలచువారు ఈ మాట మఱవరాదు.

పునాదులు త్రవ్వునప్పుడు నాణెముల కుండ దొరకినచో అది ఇంటి వస్తువుల లెక్కలోనికి రాదు. 1878 నాటి నిధినిక్షేపముల చట్టము ప్రకారము, నేలలో దాగి దొరకిన నిధి వెల పదిరూపాయలు మించినచో కలెక్టరునకు వ్రాతమూలకముగా తెలుపవలెను. ఇక ఏనుగు దంతపు భరిణెలు, దువ్వెనలు, పులిచర్మములు, గోడకు తగిలించిన జింకతలలు వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు లోబడినవి. వీనిని ఉంచుకొనుటకు ధ్రువపత్రము ఉన్నవారైనను అమ్ముటకు వీలులేదు. ఎవరైనను కొనుటకు ముందుకు వచ్చినచో ఆ బేరము మనలను చెఱకు దగ్గఱ చేయునదే.

మన ఇండ్లలోని రవివర్మ పటములను గూర్చి తఱచు అడుగుదురు. రవివర్మ తన చేతితో వేసిన చిత్రములు దేశము దాటరాని కళాసంపదగా ప్రకటింపబడినవి. కాని మన హాలులో వ్రేలాడు లక్ష్మి, సరస్వతి పటములు బహుళముగా 1894లో బొంబాయిలో నెలకొల్పిన ఆయన ముద్రణాలయమునుండి వచ్చిన అచ్చు పటములు, లేదా వానికి తరువాతి అనుకరణములు. అచ్చు పటమునకును కొనువారు ఉన్నారు. ప్రెస్సు పేరు, అంచులు చెడకుండుట చూచి వెల కట్టుదురు. చట్రము మార్చుటకని అంచులు కత్తిరించినచో ఆ వెల పడిపోవును.

ఇక వర్తకునిద్వారా అమ్ము పద్ధతులు. ఇవి ముఖ్యముగా నాలుగు.

మొదటిది, రొక్కమునకు ఒకేసారి అమ్మివేయుట. సొమ్ము ఆ పూటనే చేతికి వచ్చును, బాధ్యత తీరును. కాని వర్తకుడు తన దుకాణములో రాగల వెలకు చాల తక్కువగా ఇచ్చును. అది అన్యాయమని తలపరాదు. అతడు సొమ్ము పెట్టుబడి పెట్టి, అద్దె కట్టి, బాగుచేయించి, కొనువాడు వచ్చువరకు ఏండ్లు వేచియుండవలెను. దుకాణములో 10,000 రూపాయలకు పోవు వస్తువునకు అతడు మనకు సగము ఇచ్చెననుకొందము. ఆ సగములోనే మన తొందర వెలయు చేరియున్నది. తూకపు పోగునకు, సామాన్యమైన కఱ్ఱ సామానునకు ఈ పద్ధతి చాలును.

రెండవది, కమీషనుమీద అప్పగించుట. వస్తువు మనదిగానే ఉండును. వర్తకుడు దానిని తన దుకాణములో పెట్టి అమ్మి, తన కమీషను మినహాయించుకొని మిగిలినది మనకిచ్చును. పై వస్తువునే నూటికి ఇరువది కమీషనుమీద అమ్మిపెట్టినచో మనకు 8,000 వచ్చును. అయితే అది ఎన్నాళ్ళకు వచ్చునో చెప్పలేము, అసలు అమ్ముడుపోవునను నమ్మకమును లేదు. ఈ పద్ధతిలో ఒప్పందము కాగితముమీద ఉండి తీరవలెను. ఎంత వెలకు తగ్గరాదు, కమీషను ఎంత, గడువు ఎన్ని నెలలు, అమ్ముడుపోయిన ఎన్ని దినములకు సొమ్ము ఈయవలెను, విరిగినను పోయినను ఎవరిది నష్టము, రవాణా ఖర్చు ఎవరిది, ఈ ఆఱు విషయములును అందులో ఉండవలెను. జాబితాలోని అంకె, ఫోటో ఆ కాగితమునకు జతపఱుపవలెను.

మూడవది, వేలము. అరుదైనదియు, పలువురు పోటీపడునదియు అయినప్పుడే ఇది లాభించును. సర్కారువారి పాట ఉన్నట్లే, ఇంతకు తగ్గి ఈయరాదను కనీసపు వెలను ముందుగా నిర్ణయించుకొనవలెను. వేలపు సంస్థ తీసికొను కమీషనును, ఫోటోలకు, బీమాకు, అమ్ముడుపోని వస్తువును తిరిగి తెచ్చుకొనుటకు పడు ఖర్చును ముందే అడిగి తెలిసికొనవలెను. “మూడోసారి” అను మాట పడిన తరువాత విచారించి ప్రయోజనము లేదు.

నాలుగవది, సంగ్రహమును మొత్తముగా అమ్ముట. నాణెములు, తపాలాబిళ్ళలు, పాత గ్రామఫోను రికార్డులు ఒక మనిషి ఏండ్ల తరబడి కూర్చినప్పుడు ఈ ప్రశ్న వచ్చును. వర్తకుడు మేలైన పదింటిని ఏరుకొని మంచి వెల ఇచ్చెదననును. ఆ పది పోయిన పిదప మిగిలిన తొంబదింటిని అడుగువాడు ఉండడు. కనుక ఏరుకొననిచ్చునెడల, ఆ పదింటి వెలతో మిగిలినవానిని పారవేసినను నష్టము లేదనునట్లు ఉండవలెను. లేనిచో మొత్తమునకే బేరము చేయవలెను.

వ్రాత ఎంత అవసరమో తెలుపుటకు మన తెలుగునేలమీద జరిగిన ఒక పెద్ద బేరమును జ్ఞాపకము చేసెదము. 1891లో సిమ్లాలోని రత్నవర్తకుడు జేకబు ఒక వజ్రమును ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖానుకు అమ్మజూపెను. వెల 46 లక్షలు. అందులో సగము, 23 లక్షలు, ముందుగా చెల్లింపబడినది. రత్నమును కంటితో చూచిన పిమ్మట నిజాము వలదనెను. చూచి నచ్చిననే కొనుట అను షరతు, ముందిచ్చిన సొమ్ము, ఈ రెంటి చుట్టును వివాదము పెరిగి కలకత్తా హైకోర్టులో అభియోగము నడచినది. జేకబు నిర్దోషిగా విడుదలయ్యెను గాని అతని వ్యాపారము చితికిపోయినది. వజ్రము చివఱకు నిజాము వద్దనే ఉండిపోయినది. ఏడవ నిజాము దానిని కాగితములమీద బరువుగా పెట్టుకొనెనని ప్రసిద్ధి. 184.75 కేరట్ల ఆ వజ్రముతో సహా 173 నగలను భారతప్రభుత్వము 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్నది. రాజులకును, రత్నవర్తకులకును నోటిమాట ఇంత చిక్కు తెచ్చినప్పుడు, మనబోటివారు ఒక తెల్లకాగితమునకు సిగ్గుపడనవసరము లేదు.

వస్తువు ఎక్కడినుండి వచ్చినదో తెలుపు కాగితము కొనువానికిని రక్షయే. ప్రకాశము జిల్లా చందవరము బౌద్ధక్షేత్రమునకు చెందిన శిల్పఫలకమొకటి దొంగల పాలై, న్యూయార్కు వర్తకుల చేతిమీదుగా ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు చేరినది. దాని పూర్వచరిత్ర నిజము కాదని తేలగా 2016లో ఆ చిత్రశాల దానిని భారతదేశమునకు తిరిగి ఈయవలసి వచ్చినది. నాటినుండి నేటివఱకు మంచి వర్తకులు అడుగు మొదటి ప్రశ్న ఒక్కటే: ఇది మీకు ఎట్లు వచ్చినది? ఆ ప్రశ్న అడగని వర్తకుని విషయమున జాగ్రత్తపడవలెను.

వర్తకుని ఎన్నుకొనుటకు మఱికొన్ని గుర్తులు కలవు. తన దుకాణము, లైసెన్సు చూపుటకు వెనుదీయనివాడు మేలు. విలువ కట్టువాడును, కొనువాడును ఒకడే కాకుండ చూచుకొనవలెను. కనీసము ఇద్దఱి మాట వేర్వేరుగా వినవలెను. ఇంటికి వచ్చిన దినముననే ఏ వస్తువును పంపరాదు. “రేపటికి ఈ ధర ఉండదు” అనువానికి రేపే రమ్మని చెప్పుట ఉత్తమము. ఇక బియ్యమును లాగుకొను రాగిచెంబునకు కోట్లు ఇత్తుమని తిరుగువారును, పాత అయిదు రూపాయల నోటునకు లక్షలు ఇత్తుమని ఫోనులో చెప్పి ముందుగా పన్ను కట్టుమనువారును వర్తకులు కారు. పాత నోట్లు, నాణెముల క్రయవిక్రయములకు తన పేరు చెప్పి రుసుములు, పన్నులు అడుగువారిని నమ్మవలదని రిజర్వుబ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించినది. అమ్మువాడు సొమ్ము పుచ్చుకొనును గాని ముందుగా చెల్లింపడు. ఈ ఒక్క సూత్రము చాల ఇండ్లను కాపాడగలదు.

సొమ్ము పుచ్చుకొను విషయములో రెండు మాటలు. 2017 ఏప్రిల్ 1 నుండి ఒక వ్యవహారములో రెండు లక్షల రూపాయలుగాని అంతకు మించిగాని రొక్కముగా పుచ్చుకొనరాదు. పుచ్చుకొన్నవారికే ఆ మొత్తమంతయు జరిమానా పడవచ్చును. కనుక బ్యాంకుద్వారా తీసికొని రసీదు వ్రాసికొనవలెను. ఇంటి సామానునకు ఆదాయపుపన్నులోనున్న మినహాయింపు నగలకు, చిత్రములకు, శిల్పములకు, పురాతన సంగ్రహములకు వర్తింపదు. పెద్ద వెల వచ్చినప్పుడు ఆడిటరును అడుగవలెను. రెండవది, పెద్దల వస్తువు ఒక్కరిది కాదు. 2005 సవరణ తరువాత ఉమ్మడి ఆస్తిలో ఆడపడుచులకును సమానమైన భాగము ఉన్నది. వాటాదారులందఱి సంతకములు జాబితాక్రింద తీసికొన్న పిదపనే బేరము ఆడవలెను. బిందె విలువకంటె దానిని తమతో చెప్పకుండ అమ్మిరను మాటయే ఎక్కువ ఏండ్లు నిలుచును.

కడపటిది నాలుగవ పోగు. చేతివ్రాత గ్రంథములు, తాళపత్రములు, తామ్రశాసనములు, ఊరి చరిత్రకు సంబంధించిన దస్తావేజులు ఇందులోనివి. వీనికి వర్తకుడిచ్చు వెల స్వల్పము, పోయినచో నష్టము ఊరంతటిది. 1911లో పుట్టి కాకినాడకు తరలివచ్చిన ఆంధ్రసాహిత్యపరిషత్తు ఇట్టి ఇండ్లనుండి సేకరించిన తాళపత్రములే నేడు అచ్చటి ప్రభుత్వ ప్రదర్శనశాలలో ఉన్నవి. రాజమహేంద్రవరములో రాళ్ళబండి సుబ్బారావు ప్రదర్శనశాల కలదు. వ్రాతప్రతుల పట్టికను కూర్చుటకు 2003లో జాతీయస్థాయి ఉద్యమమును ప్రభుత్వము ఆరంభించెను. ఇచ్చుటకు ఇష్టము లేనివారు చదువగలవారిచేత పేరైనను చదివించి, ఆకులను ఫోటోలు తీయించి, కట్టను ఇంటనే ఉంచుకొనవచ్చును.

మొత్తముగా నిలిచిన సంగ్రహము ఏమగునో హైదరాబాదులో చూడవచ్చును. మూడవ సాలారుజంగు జీవితమంతయు వర్తకులవద్ద వస్తువులు కొని, వారసులు లేక 1949లో గతించెను. ఆ సంగ్రహము వీధిన పడి చెదరిపోకుండ 1951 డిసెంబరు 16న ప్రదర్శనశాలయై, 1961 చట్టముతో జాతి సొత్తయ్యెను. మన అటకమీది సామాను అంతటిది కాదు. అయినను ఒక మరచెంబును, ఒక కొలత కుంచమును, మామ్మగారి పేరుగల ఒక బిందెను ఉంచుకొనుటకు ఏ డాబాలోనైనను చోటు దొరకును.

మా రెండవ వాటా అమ్మకము ఆఱు నెలలు పట్టినది. నాణెములు వేర్వేరుగా పోయినవి. పందిరిమంచము కమీషనుమీద అప్పగింపగా నాలుగవ నెలలో అమ్ముడుపోయినది. సొమ్ము అందఱి సంతకములతో పంచుకొంటిమి, మాటపట్టింపులు రాలేదు. ఆ నోటుపుస్తకము నేటికిని మాయొద్ద ఉన్నది. దానిలో చివఱి పుటను మా మేనత్తగారు దగ్గఱ కూర్చుండి వ్రాయించినారు. మొదటి అమ్మకములో పోయిన వస్తువుల జాబితా అది. బిందె ఒకటి, పేరు ఉన్నది, సంవత్సరము జ్ఞాపకము లేదు. భోషాణము ఒకటి. తాటాకుల కట్ట ఒకటి, చిన్నపిల్లల వైద్యము, ఎన్ని ఆకులో తెలియదు. ఆ పంక్తి వ్రాయించి ఆమె కొంతసేపు ఊరకుండి, తనకు జ్ఞాపకమున్న యోగములు రెండు చెప్పి, వానినిగూడ దాని క్రిందనే వ్రాయుమన్నారు. వ్రాసితిమి. మీ ఇండ్లలో అడుగదగిన పెద్దలు ఉన్నచో, వర్తకుడు అరుగెక్కకముందే, ఈ ఆదివారమే ఆ నోటుపుస్తకము తెఱవవలసినదని మా మనవి.